ఉష్ణమండల ఐసోపాడ్ల పెంపకం: తేమ, గాలి, మరుగు

పూలకుండీని పక్కకు జరిపినప్పుడో, తడిసిన ఇటుకను ఎత్తినప్పుడో బూడిదరంగు చిన్న జీవులు చెల్లాచెదురుగా పరుగెత్తడం, వాటిలో కొన్ని పూసల వలె ముడుచుకొని దొర్లిపోవడం అందరం చూసినదే. వీటిని పురుగులని పిలవడం వాడుక. నిజానికి ఇవి కీటకాలు కావు. రొయ్యలు, పీతలు చేరిన క్రస్టేషియా సముదాయంలో ఐసోపోడా క్రమానికి చెందినవి. ఈ క్రమంలో నేలపై జీవించడానికి అలవాటుపడిన ఓనిస్కిడియా ఉపక్రమంలోనే 3,700కు పైగా జాతులు వర్ణితమయ్యాయి.

గత దశాబ్ద కాలంలో ఈ జీవులను పెంపుడు జంతువులుగా ఉంచుకొనే అభిరుచి అనేక దేశాలలో వ్యాపించింది. వాటిలో అత్యధిక ఆకర్షణ పొందినవి క్యూబారిస్ ప్రజాతి పేరుతో అమ్ముడవుతున్న ఆగ్నేయాసియా రూపాలు. థాయిలాండ్ సున్నపురాతి గుహల నుండి వచ్చిన ఒక రూపానికి ముఖభాగం పసుపుగా, బాతు ముక్కును తలపించేటట్లు ఉంటుంది. అందుచేత దానికి ‘రబ్బర్ డక్కీ’ అనే వ్యాపారనామం స్థిరపడింది. మరోవైపు ఆకుచెత్త విచ్ఛిన్నతను, నేలలో రసాయన అవశేషాల ప్రభావాన్ని పరిశీలించే ప్రయోగశాలలకు కూడా ఐసోపాడ్ల స్థిరమైన సంతతి అవసరమవుతుంది. అభిరుచి కోసమైనా, అధ్యయనం కోసమైనా పెంపక సూత్రాలు ఒకటే.

ఈ ఉష్ణమండల జాతులలో చాలావరకు మరుగును కోరేవి. పెంపకందారుడు వాటిని చూడాలనుకుంటాడు. అవి కనబడకుండా ఉండాలనుకుంటాయి. పెంపకంలో ఎదురయ్యే వైఫల్యాలలో అధికభాగం ఈ వైరుధ్యం నుండే పుడుతున్నదని నా అభిప్రాయం. అందువల్ల పెట్టె నిర్మాణం కంటే ముందు ఆ జీవి శరీర ధర్మాన్ని అర్థం చేసుకోవాలి.

గుర్తింపులో ఒక జాగ్రత్త

ఉండ చుట్టుకొన్న ప్రతి జీవీ ఐసోపాడ్ కాదు. రోకలిబండలలో కూడా ఉండ చుట్టుకొనే రకాలున్నాయి; పశ్చిమ కనుమలలో కనిపించే ఆర్థ్రోస్ఫీరా ప్రజాతి అటువంటిదే. విద్యార్థులు వీటిని తరచుగా తారుమారు చేస్తారు. కాళ్లను లెక్కిస్తే సందేహం తీరుతుంది. ఎదిగిన ఐసోపాడ్‌కు ఏడు జతల నడిచే కాళ్లు, వక్షభాగంలోని ఒక్కొక్క ఖండానికి ఒక్కొక్క జత చొప్పున ఉంటాయి. రోకలిబండలో కాళ్లు ఇంతకంటే చాలా ఎక్కువ; శరీర ఖండాలలో అధికభాగానికి రెండేసి జతలు కనిపిస్తాయి. వీటి పెంపక అవసరాలు వేరు కనుక గుర్తింపు పూర్తికాకుండా పెట్టె సిద్ధం చేయరాదు.

తేమ ఎందుకు, ఎంత

నేలపైకి వచ్చినా ఐసోపాడ్ తన జల వారసత్వాన్ని పూర్తిగా వదులుకోలేదు. ఉదరం అడుగున పలుచని రేకుల వంటి ఉపాంగాలుంటాయి. ప్లియోపాడ్లు అనే ఈ రేకులే శ్వాసాంగాలు. వాటిపై సన్నని తేమపొర ఉన్నంతవరకే వాయు వినిమయం సాఫీగా జరుగుతుంది. అనేక జాతులలో ఈ రేకుల లోపల గాలి నిండిన సూక్ష్మ నాళికలు ఏర్పడి ప్రాథమికమైన ఊపిరితిత్తుల వలె పనిచేస్తాయి; జీవిని వెల్లకిలా తిప్పినప్పుడు తెల్లని మచ్చలుగా కనిపించేవి ఇవే. కీటకాల దేహంపై ఉండే సమర్థమైన మైనపు పొర వంటిది వీటికి లేదు. అందుచేత పొడిగాలిలో శరీరంలోని నీరు వేగంగా ఆవిరవుతుంది.

ఇంతవరకు చదివినవారు పెట్టెను నీటితో తడిపి మూత బిగించడమే మార్గమని భావిస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. నీటిలో మునిగిన నేల ఐసోపాడ్ ఊపిరాడక చనిపోతుంది. అంతేకాక ఇవి నత్రజని వ్యర్థాలను ప్రధానంగా అమ్మోనియా వాయురూపంలో విసర్జిస్తాయి. గాలి ఆడని పెట్టెలో ఆ వాయువు, కుళ్లుతున్న మాధ్యమం నుండి వెలువడే ఇతర వాయువులు పేరుకొంటాయి. కనుక వీటికి కావలసినది తేమగాలి. తడి బురద కాదు, నిలవగాలి అంతకన్నా కాదు.

తేమను జీవి ఎలా వెతుక్కొంటుందో తెలుసుకోవడానికి 1937లో గన్ పోర్సెల్లియో స్కేబర్ జాతిపై ప్రచురించిన ప్రయోగాలు నేటికీ పాఠ్యాంశమే. పొడిగాలిలో ఆ జీవులు ఎక్కువగా, వేగంగా తిరిగాయి. తేమగాలిలో కదలిక తగ్గి నిలిచిపోయాయి. తేమ ఉన్న దిశ తెలియకపోయినా, పొడిచోట ఆగకుండా తిరుగుతూ తేమచోట ఆగిపోవడం వలన చివరికి అవి తేమలోనే పోగవుతాయి. దీనికి తోడు వెలుతురును తప్పించుకోవడం, శరీరానికి ఏదో ఒక ఆధారం ఆనుకొని ఉండాలని కోరడం, గుంపుగా చేరడం అనే స్వభావాలున్నాయి. గుంపుగా ఉన్నప్పుడు ఒక్కొక్క జీవి కోల్పోయే నీరు తగ్గుతుంది.

పెంపకందారుడికి దీని భావం స్పష్టం. పగటివేళ వెలుతురులో ఐసోపాడ్లు పెట్టె అంతటా తిరుగుతున్నాయంటే అది ఉల్లాసానికి చిహ్నం కాదు. మాధ్యమం ఎండిపోయిందో, అడుగు కుళ్లిందో, వేడి పెరిగిందో, ఆకు అయిపోయిందో వెతకాలి. గోడల మీదికి, మూత అడుగుకు ఎగబాకుతున్నాయంటే ఆ రోజే వెతకాలి. రాత్రి చీకటిలో మేతకు బయటకు రావడం మాత్రం సహజం.

పెంపక పెట్టె

పది పదిహేను జీవులతో ప్రారంభించడానికి ఐదారు లీటర్ల ప్లాస్టిక్ పెట్టె చాలు. మూత గట్టిగా కూర్చోవాలి. ఎదురెదురుగా ఉన్న రెండు గోడలలో, ఒకదానిలో కొంచెం దిగువగా, రెండవదానిలో ఎగువగా రంధ్రాలు చేసి సన్నని స్టీలు జాలీ అతికించాలి. ఈ ఎత్తు తేడా వలన గాలి నెమ్మదిగా కదులుతుంది. మూతపై మాత్రమే రంధ్రాలు చేస్తే పైభాగం ఎండి, అడుగున గాలి నిలిచిపోతుంది.

క్యూబారిస్ జాతులు తవ్వుకొని దాగేవి కనుక మాధ్యమం ఎనిమిది సెంటీమీటర్లకు తగ్గరాదు. బాగా చివికిన ఆకు ఎరువు, బూజుపట్టి మెత్తబడిన గట్టిజాతి కలప ముక్కలు, కడిగి ఉప్పు తొలగించిన కొబ్బరి పొట్టు, కొంత తోట మట్టి, వీటితో సున్నపురాతి చిప్స్ కలిపి నింపాలి. కొబ్బరి పొట్టు తేమను పట్టి ఉంచడానికి మాత్రమే; అందులో పోషణ స్వల్పం. కేవలం కొబ్బరి పొట్టుపై పెంచిన సంతతి కొంతకాలానికి క్షీణించడంలో ఆశ్చర్యం లేదు. తోట మట్టి తీసుకొనే చోట గుళికల మందు చల్లలేదని నిర్ధారించుకోవాలి.

పెట్టెలో మూడవ వంతు భాగంపై నాచు పరచి అటువైపు మాత్రమే నీరు పోయాలి. మిగిలిన భాగాన్ని రాలిన ఎండుటాకులతో దట్టంగా కప్పాలి. రెండింటికీ మధ్య బెరడు ముక్కలను వంతెన వలె, అడుగున ఇరుకైన సందులు మిగిలేటట్లు అమర్చాలి. దీనివలన ఒక కొసన పూర్తి తేమ, రెండవ కొసన తక్కువ తేమ ఏర్పడి, తనకు అనువైన చోటును ఎంచుకొనే పని జీవికే వదిలినట్లవుతుంది. మన అంచనా కంటే దాని అంచనాయే నమ్మదగినది.

నీటి పరిమాణానికి ఎరువుల గుంతల దగ్గర రైతులు చేసే పిడికిలి పరీక్ష ఇక్కడా పనికివస్తుంది. తడివైపు మాధ్యమాన్ని పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నీరు కారరాదు. అయితే ఈ పరీక్షను పెట్టె సిద్ధం చేసేటప్పుడే చేయాలి. జీవులను వదిలిన తరువాత మాధ్యమాన్ని కెలకరాదు. ఆ తరువాత సులభమైన మార్గం తూకం. జీవులను వదిలిన రోజున పెట్టెను మూతతో సహా వంటింటి త్రాసుపై తూచి బరువును పెట్టెపైనే వ్రాసుకోవాలి. వారానికొకసారి మళ్లీ తూచాలి. నలభై గ్రాములు తగ్గితే సుమారు నలభై మిల్లీలీటర్ల నీరు నాచువైపు పోస్తే సరిపోతుంది. ఆకు విచ్ఛిన్నమగుట వలన కూడా కొంత బరువు తగ్గుతుంది కాని, వారం వ్యవధిలో అది లెక్కించదగినంత కాదు. ఈ పద్ధతిలో మూత ఎత్తే అవసరం నీరు పోసే క్షణానికే పరిమితమవుతుంది.

ఉప్పు ఎక్కువగా ఉన్న బోరు నీటిని వాడితే నీరు ఆవిరై లవణాలు మాధ్యమంలోనే మిగిలిపోతాయి. వాన నీరు శ్రేష్ఠం. కుళాయి నీరైతే వెడల్పాటి పాత్రలో ఒక రాత్రి నిలవ ఉంచి వాడాలి.

వేసవి

క్యూబారిస్ జాతులకు సాధారణంగా 22 నుండి 26 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. ‘ఉష్ణమండల’ అనే మాట ఇక్కడ మోసం చేస్తుంది. అడవిలో ఆకుచెత్త కింద, గుహ గోడల పగుళ్లలో ఉండే ఉష్ణోగ్రత వేరు. మే మాసంలో రెంటచింతలలోనో, రామగుండంలోనో గది లోపల ఉండే వేడి వేరు. నలభై డిగ్రీలు దాటిన గదిలో ప్లాస్టిక్ పెట్టె ఒక్క మధ్యాహ్నంలో సంతతిని తుడిచిపెట్టగలదు. వేడికి భయపడి అదనంగా నీరు పోస్తే అడుగు కుళ్లి రెండవ ప్రమాదం తోడవుతుంది.

కూరగాయల నిల్వకు భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన జీరో ఎనర్జీ కూల్ ఛాంబర్ విస్తరణ శాస్త్రవేత్తలకు పరిచితమే. రెండు వరుసల ఇటుక గోడల మధ్య తడి ఇసుక నింపి, నీరు ఆవిరయ్యేటప్పుడు కలిగే చల్లదనాన్ని వాడుకోవడం అందులోని సూత్రం. అదే సూత్రంతో, వెడల్పాటి మట్టి తొట్టిలో తడి ఇసుక పోసి, దాని మధ్య చిన్న మట్టి కుండను దించి, ఆ కుండలో పెంపక పెట్టెను ఉంచవచ్చు. గాలి పొడిగా ఉండే తెలంగాణ, రాయలసీమ జిల్లాలలో ఇది బాగా పనిచేస్తుంది. సముద్రతీరాన గాలిలోనే తేమ ఎక్కువ కనుక ఫలితం తక్కువ. అక్కడ నేలమట్టంలోని ఉత్తరపు గది వెతుక్కోవడమే మేలు.

ఆహారం, సున్నం

రాలిన ఆకే ప్రధానాహారం, మిగిలినవన్నీ అదనం. విదేశీ పుస్తకాలు ఓక్ ఆకును సూచిస్తాయి. మన ప్రాంతంలో నాటుబాదం, జామ, మల్బరీ ఎండుటాకులను వాడవచ్చు. పచ్చి ఆకు పనికిరాదు. శిలీంధ్రాలు, బాక్టీరియా చేరి మెత్తబడిన ఆకునే ఇవి ఇష్టపడతాయి. వేప, జామాయిల్ ఆకులను వాడరాదు. ఆకులను వేడినీటిలో మరిగించి నీరు వార్చి వేస్తే చీమలు, జెర్రిపిల్లలు, సాలెపురుగులు లోపలికి రావు. మందు చల్లిన తోటలోని ఆకు మరిగించినా సురక్షితం కాదు. పైరిత్రాయిడ్ మందులు క్రస్టేషియన్లకు తీవ్రమైన విషం. పెట్టె ఉన్న గదిలో దోమల మందు వెలిగించరాదన్న నియమాన్ని కూడా ఈ కారణంగానే పాటించాలి.

వారానికొకసారి ఎండు రొయ్య పొడి చిటికెడు ఇవ్వాలి. మాంసకృత్తులు కొరవడిన పెట్టెలో, కుబుసం విడిచి మెత్తగా ఉన్న తోటి జీవులను ఇవి కొరికి తినవచ్చు. మోతాదు మించితే బూజు, దాని వెంట తెల్లని నల్లులు పెరుగుతాయి. మరునాటికి మిగిలినదాన్ని తీసివేయాలి. బూజును తినే కొలెంబోలా జీవులను ముందుగానే మాధ్యమంలో వదలడం మంచి అలవాటు. ఐసోపాడ్ల పెంటికలను మాత్రం శుభ్రత పేరుతో తొలగించరాదు. ఇవి తమ పెంటికలను తిరిగి తినే జీవులు. సూక్ష్మజీవులను, కొన్ని ఖనిజాలను తిరిగి పొందడానికి అది తోడ్పడుతుంది.

ఖనిజాలలో రాగి ప్రస్తావన ఆసక్తికరం. ఐసోపాడ్ల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్ రాగి ఆధారితమైనది. అవసరానికి మించిన రాగిని ఇవి కాలేయక్లోమంలో నిల్వ చేస్తాయి. నేలలో లోహ కాలుష్యాన్ని అంచనా వేయడానికి వీటిని సూచికలుగా వాడడంలోని కిటుకు ఇదే. బోర్డో మిశ్రమం తరచుగా వాడే తోటలున్న ప్రాంతంలో విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం కాగలదు.

ఇక కాల్షియం. వీటి పెంకు కాల్షియం కార్బొనేట్‌తో గట్టిపడుతుంది కనుక సున్నపురాయి, పక్షుల పంజరాలలో కట్టే సముద్రపు నురుగు, కోళ్ల దాణా దుకాణాలలో దొరికే ఆల్చిప్పల పొడి, కడిగి ఎండబెట్టిన గుడ్డు పెంకులు, వీటిలో ఏదైనా ఎల్లప్పుడూ పెట్టెలో ఉండాలి. ఒక హెచ్చరిక: సున్నపురాయి వేరు, సున్నం వేరు. గోడలకు వేసే సున్నం, తాంబూలపు సున్నం తీవ్రమైన క్షారాలు. తడి మాధ్యమంలో పడితే జీవులను చంపుతాయి.

కుబుసం, సంతానం

కీటకాల వలె ఐసోపాడ్లు కుబుసాన్ని ఒక్కసారిగా విడువవు. ముందు శరీరం వెనుక సగం పెంకు ఊడుతుంది. కొంత వ్యవధి తరువాత ముందు సగం. విడువబోయే ముందు పాత పెంకులోని కాల్షియంలో కొంతభాగాన్ని వెనక్కి తీసుకొని, వక్షం ముందు ఖండాల అడుగున తెల్లని ఫలకాలుగా దాచుకొంటాయి. విడిచిన కుబుసాన్ని తినివేయడం కూడా పొదుపులో భాగమే. సగం రంగు పాలిపోయి కదలకుండా ఉన్న జీవిని చూసి చనిపోయిందనుకొని తీసి పారవేసినవారున్నారు. ఆ దశలో తాకడమే ప్రమాదం.

ఆడజీవి వక్షం అడుగున పలుచని రేకులతో ఏర్పడే శిశుకోశంలో గుడ్లను మోస్తుంది. ఆ కోశంలోని ద్రవంలోనే పిండాలు ఎదుగుతాయి. ఒక విధంగా నేలపై నడిచే చిన్న చెరువును అది వెంట మోస్తున్నది. బయటకు వచ్చే పిల్లలకు ఆరు జతల కాళ్లే ఉంటాయి. ఏడవ జత తరువాతి కుబుసాలతో వస్తుంది. ఆర్మడిల్లిడియం వల్గేర్ వంటి సమశీతోష్ణ జాతిలో పెద్ద ఆడజీవి ఒక కాన్పులో నూరు పిల్లలను మించి కనగలదు. గుహ ప్రాంతాల నుండి వచ్చిన క్యూబారిస్ రూపాలలో కాన్పుకు కొద్దిమంది పిల్లలే. ఎదుగుదల కూడా నెమ్మది. అంటే ఇక్కడ ఒక్క పొరపాటు వలన పోయిన సంతతిని తిరిగి పొందడానికి నెలలు కాదు, సంవత్సరాలు పట్టవచ్చు.

ఈ విషయంలో నా తప్పిదం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థికి చిన్న సంతతిని అప్పగించి, ప్రతిదినం లెక్కించి పుస్తకంలో నమోదు చేయమన్నాను. ఆ విద్యార్థి ఎంతో శ్రద్ధగా ప్రతి ఉదయం బెరడు ముక్కలన్నీ ఎత్తి, ఆకులు తొలగించి, లెక్క పూర్తయ్యాక ఎండిపోయి ఉంటాయేమోనని నీరు చల్లి మూసేవాడు. పుస్తకంలోని అంకెలు రెండు నెలలలో సగానికి, ఆ తరువాత వేళ్లపై లెక్కించే స్థితికి దిగాయి. చివరికి మాధ్యమాన్ని కుమ్మరించి చూస్తే అడుగుపొర నల్లబడి మురుగు వాసన కొట్టింది. ప్రతి లెక్కతో ఆశ్రయం చెదిరింది, కుబుసం విడిచేవి నలిగాయి, చల్లిన నీరు అడుగున చేరింది. శ్రద్ధ లోపించలేదు, నేను అడిగిన కొలతయే తప్పు.

లెక్కకు బదులు ఆనవాళ్లను నమోదు చేయాలి. ఈనెలు మాత్రమే మిగిలిన ఆకులు ఎన్ని, సముద్రపు నురుగుపై కొరికిన గాట్లు పెరిగాయా, పారదర్శకమైన గోడ పక్కన సొరంగాలు, పిల్లలు కనిపిస్తున్నాయా అన్నవి మూత తీయకుండానే తెలిసే విషయాలు. గోడలకు బయట నల్లకాగితం అంటించి, పరిశీలన వేళ మాత్రమే దాన్ని తొలగించాలి. రాత్రివేళ మసక ఎర్ర కాంతిలో చూస్తే కలవరం తక్కువ. పూర్తి లెక్క సంవత్సరానికి ఒకసారి, మాధ్యమంలో సగం మార్చేటప్పుడు చేస్తే చాలు.

వ్యాధులలో ఒకదానిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇరిడోవైరస్ సోకిన ఐసోపాడ్లు మెరిసే నీలి, ఊదా రంగుకు మారుతాయి. చూడడానికి మనోహరంగా ఉంటుంది. అరుదైన రంగు వచ్చిందని సంబరపడి వాటిని వేరుచేసి సంతతి పెంచాలని ప్రయత్నించేవారూ ఉన్నారు. అది మరణానికి దారితీసే వ్యాధి. అటువంటివాటిని వెంటనే తొలగించాలి.

ఏ జాతిని ఎంచుకోవాలి

వ్యాపారంలో తిరుగుతున్న క్యూబారిస్ రూపాలలో చాలావాటికి శాస్త్రీయ నామం ఇంకా స్థిరపడలేదు. జాతి పేరే లేని జీవికి సహజ ఆవాసంలో సంఖ్య ఎంత, విస్తృతి ఎంత అనే ప్రశ్నకు జవాబుండదు. సున్నపురాతి కొండలలోని జీవులు తరచుగా ఒకే కొండకో, ఒకే గుహకో పరిమితమై ఉంటాయి. నెమ్మదిగా సంతానోత్పత్తి చేసే అటువంటి జీవిని సంచులకొద్దీ ఏరి అమ్మితే, వర్ణించబడక ముందే అది తగ్గిపోయే అవకాశముంది. ఈ ఆందోళన థాయిలాండ్‌కే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్ భూగర్భ జలాల నుండి ఆంధ్రకాయిడెస్ అనే సరికొత్త ఐసోపాడ్ ప్రజాతిని విల్సన్, రంగారెడ్డి వర్ణించినది 2011లో మాత్రమే. అది జలచరం, పెంపకానికి సంబంధించినది కాదు; అయినా మన రాళ్ల కింద ఇంకా పేరు పెట్టని జీవులున్నాయనడానికి అది చాలిన నిదర్శనం.

అందువల్ల ప్రారంభకులు గుహజాతుల జోలికి పోకపోవడమే మంచిదని నా సూచన. ఉష్ణమండలమంతటా వ్యాపించిన క్యూబారిస్ మురీనాపై పైన చెప్పిన పద్ధతులన్నీ నేర్చుకోవచ్చు. ప్రయోగశాలలలో వాడుకలో ఉన్న ట్రైకోరినా టొమెంటోసా తెల్లని, కొద్ది మిల్లీమీటర్ల జీవి. మగజీవి లేకుండానే అనిషేకజననం ద్వారా సంతతి పెంచుకొనే సమూహాలు అందులో ఉన్నాయి. కళాశాల తోటలోని స్థానిక జాతితో మొదలుపెట్టడం అన్నింటికంటే ఉత్తమం.

విదేశాల నుండి తెప్పించదలచినవారు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వును ముందుగా చదవాలి. జీవుల మాట అటుంచి, వాటిని చుట్టి పంపే మట్టి, పీట్ దిగుమతికి కూడా ఆ ఉత్తర్వు కింద ఆంక్షలున్నాయి. పెంచిన జీవులను తోటలో వదలడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. ఆకుచెత్తను తినే జీవి అన్నివేళలా రైతుకు మిత్రమే అనుకోరాదు. ఐరోపా మూలంగల ఆర్మడిల్లిడియం వల్గేర్ అర్జెంటీనాలో దుక్కి లేకుండా సాగుచేసే సోయాచిక్కుడు పొలాలలో, మిగిలిన చెత్త కింద పెరిగి మొలకలను కొరికే చీడగా మారింది. మల్చింగ్, శూన్య దుక్కిని ప్రోత్సహిస్తున్న మనం ఈ ఉదాహరణను గమనించాలి.

పాత మాధ్యమాన్ని మార్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. కంటికి ఆనని పిల్లలు అందులో ఉంటాయి కనుక తీసిన మాధ్యమాన్ని ముందుగా మూత ఉన్న వేరే డబ్బాలో నెలరోజులు ఉంచి, ఎదిగి కనిపించినవాటిని పెట్టెకు చేర్చాలి. ఆ తరువాత మిగిలినదానిపై మరిగే నీరు పోసి, చల్లారాకే ఎరువు గుంతలో వేయాలి.